పల్లె సంగతి వాళ్లు చెప్పారు, ఊరి సంగతి ఎవరు చెబుతారు?

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో సాహితీ, సాంస్కృతిక సంఘాలు నడుపుతున్న పెద్దలకు బహిరంగ లేఖ



మీ ఆహ్వాన పత్రికలు నాకు క్రమం తప్పకుండా వస్తూనే ఉన్నాయి. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి, సెప్టెంబరు 28న కవి జాషువా జయంతి. ఒకప్పుడు ఈ సభలు పల్లెల్లో, అంటే దళితవాడల్లో, చర్చి ముందు పందిరి వేసుకుని దళితులే చేసుకునేవాళ్లు. ఇప్పుడు మీరూ ముందుకొచ్చి హాలు మాట్లాడుతున్నారు, దండలు తెస్తున్నారు, కులవివక్ష మనందరి సమస్య అంటున్నారు. సంతోషం. అయితే అక్కడ మనం మాట్లాడే తీరు మీద నాకు పేచీ ఉంది. ఎవరికి వాళ్లకి ఫోన్ చేసి చెబితే "అవునండీ, నిజమేనండీ" అని ఊరుకుంటారు. అందుకని పత్రికకే రాస్తున్నాను.

"మనం" అన్నాను కదా, ఆ మాటకు లెక్క చెప్పాలి. నేను భూములున్న కులంలో పుట్టాను. మాది వేమూరు వైపు, రేపల్లె రైలు కట్టకు దగ్గర్లో ఒక ఊరు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, తెనాలిలో ఉంటున్నాను. కులం పేరు విని నన్ను గుమ్మం దగ్గర ఆపినవాళ్లు లేరు, నా చదువు ఎవరి దయవల్ల వచ్చిందని అడిగినవాళ్లూ లేరు. మీ కార్యవర్గాల్లో ఎక్కువమంది పరిస్థితి ఇదే. ఈ ఉత్తరం అలాంటి మనకే.

ఆమధ్య ఒక జాషువా సభకు వెళ్లాను. ఏ ఊరో చెప్పను, మూడు ఊళ్లలో ఎక్కడైనా ఇదే జరిగి ఉండేది. జ్యోతి ప్రకాశనం, సన్మానాలు, దాతల పేర్లు చదవడం అయ్యేసరికి ఎనిమిదిన్నర దాటింది. మనవాళ్లు నలుగురు మాట్లాడారు. చివర్లో ఒక టీచరు గారికి మైకిచ్చారు. పల్లెలో పుట్టి తెలుగు పండితురాలై రిటైరైన మనిషి ఆవిడ. జాషువా సీసపద్యం నడక మీద నాలుగు పేజీలు రాసుకుని తెచ్చుకున్నారు. నా పక్క కుర్చీలోనే కూర్చున్నారు కాబట్టి ఆ కాగితాలు చూశాను, అంచుల్లో గణాల గుర్తులు పెట్టుకున్నారు. నిర్వాహకుడు వినయంగానే అన్నాడు: "టైము లేదు మేడం, చిన్నప్పుడు మీరు పడ్డ అవమానాలు ఒకటి రెండు చెప్పండి చాలు, జనం కదిలిపోతారు." ఆవిడ కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. బడిలో నీళ్ల కుండ గురించి రెండు ముక్కలు చెప్పి దిగిపోయారు. జనం నిజంగానే కదిలారు, బాగా చప్పట్లు కొట్టారు. సీసపద్యం నడక గురించి ఆ సాయంత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు, ముందు మాట్లాడిన నలుగురితో సహా.

మనకి ఈ చర్చలో చోటు ఎక్కడో తేల్చుకోకపోవడం వల్ల జరిగే తప్పు ఇది. అనుభవం వాళ్లది, సానుభూతి మనది అని వాటాలు వేసుకున్నాం. వాళ్లు గాయం చూపించాలి, మనం అయ్యో అనాలి. గాయం చూపించడానికి ఇష్టపడని మనిషికి మన సభలో పని లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అవమానం పడటం ఎలా ఉంటుందో మనకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడవద్దు. ఆ అవమానం ఎక్కడ తయారవుతుందో మాత్రం మనకు బాగా తెలుసు. అది మన ఇళ్లలో, మన అరుగుల మీద, మన పెళ్లిచూపుల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో తయారవుతుంది. పల్లెవాళ్లు ఎంత చదువుకున్నా, ఎంత రాసినా, ఆ గదుల్లోకి వాళ్లు రాలేదు, మనం రానివ్వలేదు. అక్కడ ఏం మాట్లాడుకుంటారో చెప్పగలిగింది మనమే. ఈ చర్చలో మనం తేగలిగిన సరుకు అదొక్కటే. దాన్ని మాత్రం ఇంతవరకూ ఒక్క సభలోనూ దించలేదు.

దించకపోతే ఏమవుతుందో చూడటానికి చుండూరు సంగతికి వద్దాం. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే ప్యాసింజరు రైలు అక్కడ ఆగుతుంది. ఇప్పుడది బాపట్ల జిల్లా, 1991లో గుంటూరు జిల్లా. ఆ ఏడాది జూలైలో సినిమా హాల్లో పల్లెకు చెందిన చదువుకున్న కుర్రాడి కాలు పైకులం కుర్రాడికి తగిలిందన్న దగ్గర గొడవ మొదలైంది. పల్లె కుర్రాణ్ణి కొట్టారు. పల్లె తలవంచలేదు. వాళ్లలో చదువుకున్నవాళ్లున్నారు, రైల్వేలో పనిచేసేవాళ్లున్నారు, మన పొలం పనుల మీదే బతకాల్సిన అవసరం అందరికీ లేదు. ఊరు, అంటే పైకులాలు, సాంఘిక బహిష్కరణ పెట్టింది. ఆగస్టు 6న పట్టపగలు, పోలీసులు ఊళ్లో ఉండగానే, పల్లెలోని మగవాళ్లు పొలాల్లోకి పరుగెత్తాల్సి వచ్చింది. అక్కడ కాసుకుని ఉన్నవాళ్లు ఎనిమిదిమందిని చంపారు. శవాలను గోనెసంచుల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్లో, కాలవలో పడేశారు. బతికినవాళ్లు తెనాలి వచ్చి తలదాచుకున్నారు. ఊరి నడిమధ్య ఆ ఎనిమిదిమందినీ పూడ్చిన చోటుని రక్తక్షేత్రం అంటున్నారు.

ఇదంతా మీకు తెలిసిందే. కోర్టులో జరిగింది మరోసారి గుర్తు చేసుకోమంటున్నాను. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చాక జరిగిన పెద్ద మారణకాండల్లో ఇదొకటి, దేశమంతా ఈ కేసువైపు చూసింది. పదహారేళ్లకు, 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. మళ్లీ ఏడేళ్లకు, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. చనిపోయిన సమయం, చంపిన చోటు, చంపింది ఫలానా వాళ్లేనన్న గుర్తింపు, ఇవేవీ అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదని హైకోర్టు అంది.

ఆ తీర్పు మంచిచెడ్డలు లాయర్లు తేల్చుకుంటారు. నాకు తట్టేది వేరు. అంత పెద్ద ఊళ్లో, పగటిపూట, ఎవరు ఎటు వెళ్లారు, ఎవరు ఎవరిని పిలిచారు, ముందురోజు రాత్రి ఎవరి ఇంట్లో ఏమనుకున్నారు అన్నది పైకులాల ఇళ్లలో తెలియకుండా ఉంటుందా? వంటింట్లో ఉన్న ఆడవాళ్లకు తెలుసు, పక్క ఊళ్ల చుట్టాలకు తెలుసు. కానీ సాక్ష్యం చెప్పే బరువంతా దాదాపుగా, ప్రాణాలు దక్కించుకుని పరుగెత్తినవాళ్ల మీదే పడింది. వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తమన్నదీ వాళ్లనే, ఎవరు ఏ ఆయుధంతో ఎన్ని గంటలకు కొట్టారో చెప్పమన్నదీ వాళ్లనే.

కోర్టు సాక్ష్యాల గురించి నేను మిమ్మల్ని ఇప్పుడు అడగడం లేదు. మామూలు సాక్ష్యం గురించి అడుగుతున్నాను. బహిష్కరణ అంటే ఏమిటో పల్లెవైపు నుంచి చాలామంది రాశారు: పనిలేదు, పాలు లేవు, కొట్లో సరుకివ్వరు. ఊరివైపు నుంచి ఒక్కరు రాశారా? బహిష్కరణ పెట్టాలంటే ముందు ఒక కూడిక కావాలి. కుదరదన్నవాణ్ణి ఒప్పించాలి. "మన కులంలో పుట్టి వాళ్లకి పాలు పోస్తావా" అని ఒక ముసలావిణ్ణి బెదిరించాలి. జరిమానా ఎంతో ఖాయం చేయాలి. అది ఎలా నడుస్తుందో మన పెద్దవాళ్లకు తెలుసు, వాళ్లలో కొంతమంది ఇంకా బతికే ఉన్నారు.

ఇలా మన వైపు తిరిగి చూసినవాళ్లు మన నేల మీద లేకపోలేదు. కె. బాలగోపాల్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గణితశాస్త్రవేత్త. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు ఆయన రాసిన వ్యాసం చూడండి. మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి తొట్టి కడగడం, వద్దన్న మనిషి మీద చెయ్యెత్తడం, అదంతా ఉంది. కానీ వ్యాసం బలం అక్కడ లేదు. డెల్టా రైతు చేతికి వచ్చిన మిగులు డబ్బు సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి, కొత్తగా వచ్చిన రాజకీయంలోకి ఎలా పారింది, ఆ డబ్బు చంపినవాళ్లకు ఆ ధీమాని ఎలా ఇచ్చింది అన్నది ఆయన విప్పారు. బాధితుల కన్నీళ్ల మీద ఆయన ఎక్కువసేపు నిలబడలేదు, కొట్టినవాళ్ల జమాఖర్చుల్లోకి వెళ్లారు. పైకులంలో పుట్టినవాడు చేయగలిగిన పని ఎలా ఉంటుందో చెప్పమంటే నేను ఆ వ్యాసం చూపిస్తాను.

అంతకు ముందు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఉన్నారు. పల్నాడు పుల్లరి ఉద్యమంలో జైలుకెళ్లి, అక్కడ "మాలపల్లి" రాశారు. 1922లో వచ్చింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నవల మీద దళిత విమర్శకుల అభ్యంతరాలు మీకు తెలుసు. అందులోని రామదాసుని అంత వేదాంతిగా, అంత ఓర్పరిగా దిద్దడం పైకులం కోరిక తప్ప పల్లె మనిషి కాదన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. ఉన్నవ గారు పల్లె మనసులోకి దూరిన చోట కొంత తేలిపోయారు. భూస్వామి ఇంటి లెక్కలు, కూలి తగాదాలు, సంగదాసు చావు, వీటి దగ్గరికి వచ్చేసరికి రాత గట్టిపడుతుంది. ఎందుకంటే ఆ పెద్దరికం ఎలా మాట్లాడుతుందో ఆయన చెవులతో విన్నారు.

తెనాలివాళ్లకి త్రిపురనేని రామస్వామి చౌదరి గారి పేరు చెబితే ఛాతీ పొంగుతుంది. "శంబుకవధ" 1920లోనే రాశారు, మున్సిపల్ చైర్మన్‌గా చేశారు, బ్రాహ్మణ పురోహితులు లేని పెళ్లిళ్లు జరిపించారు. పొంగాల్సిందే. మనమీద ఎక్కి కూర్చున్నవాణ్ణి ప్రశ్నించడానికి ఆ తరం చూపించిన తెగువ గొప్పది. మన కింద ఉన్నవాడు మనల్ని ప్రశ్నించినప్పుడు ఆ తెగువ ఏమైపోయిందన్నది వేరే సంగతి. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది కూడా ఈ తెనాలిలోనే, 1985 సెప్టెంబరు 1న. పొన్నూరులో సంస్కృతం చెప్పే కత్తి పద్మారావు గారు, హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి వచ్చిన బొజ్జా తారకం గారు దాన్ని నడిపారు. మీ సంఘాల్లో వేసుకునే "తెనాలి వైభవం" ఉపన్యాసాల్లో త్రిపురనేనికి గంట, చక్రపాణికి గంట, కొడవటిగంటికి గంట ఉంటుంది. దళిత మహాసభకి ఎప్పుడైనా అరగంట ఇచ్చారా?

చిన్నచూపు అంటే ఏమిటో మనకు బొత్తిగా తెలియదనీ అనలేను. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది బాపట్లలో. మద్రాసులో ఉద్యోగాల్లో మనకు వాటా లేదు, మన భాషకు విలువ లేదు అన్న కడుపుమంట అది. ఇప్పుడు మన పిల్లలు అమెరికాలో ఉన్నారు, అక్కడి సంగతులు రాత్రిపూట ఫోన్లలో వింటున్నాం. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో ఒక బార్లో శ్రీనివాస్ కూచిభొట్లను ఒక తెల్లవాడు, మా దేశం వదిలిపొమ్మని అరుస్తూ కాల్చి చంపాడు. పక్కనున్న అలోక్ మాడసాని గాయపడ్డాడు. ఆ రోజు మన వీధుల్లో ఏ ఇంటికెళ్లినా అదే మాట.

అదే బార్లో ఇయాన్ గ్రిలట్ అని 24 ఏళ్ల తెల్ల కుర్రాడు ఉన్నాడు. కాల్చినవాణ్ణి ఆపబోయి తను కాల్పులకు గురయ్యాడు, బతికాడు. జాతి వివక్ష అతనికి జన్మలో ఎదురై ఉండదు. శ్రీనివాస్ పడే బాధ ఎలాంటిదో అతనికి తెలియదు. ఆ బార్లో జరుగుతున్నది తప్పని తెలుసు, చేస్తున్నది తనవాడేనని తెలుసు, లేచాడు. హ్యూస్టన్‌లోని ఇండియా హౌస్ వాళ్లు అతని ఇంటికోసం లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. మనవాళ్లు ఆ కుర్రాణ్ణి దేవుడన్నారు. మరొకవైపు, "ఎక్కడో ఒక పిచ్చివాడు చేసిన పని, అమెరికాలో జాతి వివక్ష ఎక్కడుందండీ" అన్న తెల్లవాళ్లూ ఉన్నారు. ఆ మాట విన్నప్పుడు మన పిల్లలకు ఎంత కోపం వచ్చిందో నాకు తెలుసు. ఇప్పుడు అదే వాక్యంలో అమెరికా తీసేసి చుండూరు పెట్టి చదవండి. మన సభల్లో, మన వేదికల మీద, ఎన్నిసార్లు విన్నాం?

అమెరికాలోనే ఇంకొక సంగతి జరిగింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర కౌన్సిల్ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ఆ చట్టాన్ని ప్రతిపాదించిన క్షమా సావంత్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి, ఆ మాట తనే చెప్పుకుంది. చిన్నప్పుడు తన ఇంట్లో, చుట్టూ ఏం చూసిందో చెప్పి వాదించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లునే తిప్పికొట్టాడు. ఉన్న చట్టాలు చాలన్నాడు. ఆ రెండు రోజుల్లోనూ మన ఊళ్ల గ్రూపుల్లో వచ్చిన మెసేజీలు నేను దాచుకున్నాను. తెల్లవాడి వివక్ష మీద నిప్పులు కక్కిన చేతులే "కులాన్ని అమెరికాకి తెచ్చి మన పరువు తీస్తున్నారు" అని టైపు చేశాయి. తెచ్చినవాళ్లు ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక మన వేదికల మీద తరచుగా వినపడే మాటలు. "మా ఇంట్లో ఎప్పుడూ కులపట్టింపు లేదండీ, మా పాలేరు మాతోపాటే తినేవాడు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు అడగాలనిపిస్తుంది: ఎక్కడ కూర్చుని? కంచం ఎవరు కడిగారు? ఆ కంచం తర్వాత ఏ గూట్లోకి వెళ్లింది? మా ఊళ్లో పల్లెవాళ్ల కోసం వసారా చూరులో దోపిన గ్లాసు ఒకటి ఉండేది, మీ ఊళ్లలోనూ ఉండే ఉంటుంది. ఇప్పుడు పేపరు కప్పులొచ్చాయి. అందరికీ అదే కప్పు, తాగి అవతల పారేస్తారు. రెండు గ్లాసుల తగవు తీరకుండానే తగవుకు ఆధారం మాయమైంది. కప్పులు తయారుచేసేవాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో గానీ, డెల్టాలో పైకులాల మొహమాటాన్ని వాళ్లు కాపాడినంతగా ఎవరూ కాపాడలేదు.

కన్నీళ్లు పెట్టుకునే వక్తలంటే నాకు ఇంకా అనుమానం. "మా కులంలో పుట్టినందుకు సిగ్గుపడుతున్నాను" అని గొంతు పూడుకుపోయి నిలబడతారు. హాలంతా ఆయన్ని ఓదార్చే పనిలో పడుతుంది. ముందు వరసలో కూర్చున్న దళిత మిత్రుడే లేచి వెళ్లి భుజం తట్టి నీళ్లిస్తాడు. సభ ఆ మిత్రుడి పేరుతో మొదలై ఈయన పేరుతో ముగుస్తుంది. సిగ్గు పడితే పడండి, అది ఇంట్లో పడొచ్చు. వేదిక మీద కావాల్సింది సమాచారం.

మూడోది, "వాళ్లలో వాళ్లకి మాత్రం తగవులు లేవా?" మాల మాదిగల మధ్య ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ తగవు ఉంది. 1994లో ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైన దగ్గర్నుంచి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచేదాకా ముప్పై ఏళ్లు నలిగింది. అందులో న్యాయమున్న మాటలున్నాయి, నొచ్చిన మనసులున్నాయి. కానీ ఆ తగవుని మన ఇంటి తగవుకి జవాబుగా వాడుకునే హక్కు మనకి ఎవరిచ్చారు? కారంచేడులో చచ్చినవాళ్లు మాదిగలు, చుండూరులో చచ్చినవాళ్లలో ఎక్కువమంది మాలలు. చంపినవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ తేడా ఎక్కడా అడ్డం రాలేదు.

రేపల్లెవాళ్లకి ఒక మాట విడిగా చెప్పాలి. నిజాంపట్నం దాకా రొయ్యల చెరువుల గట్ల మీద గుడిసెలు వేసుకుని కాపలా కాసేది యానాది కుటుంబాలు. అడ్వాన్సు తీసుకున్న చెరువు వదిలి పోలేని కుటుంబాలు కూడా ఉన్నాయి. దొంగతనం జరిగితే పోలీసులు మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే. మీ సభలకి వాళ్లని వక్తలుగా కాదు కదా, ప్రేక్షకులుగా పిలిచినట్టు కూడా నేను చూడలేదు. చెరువుల యజమానులు మాత్రం మీ దాతల పట్టికలో ఉన్నారు. వాళ్లతో ఈ అడ్వాన్సు లెక్కల గురించి మాట్లాడగలిగింది మీరే. యానాది వెళ్లి అడిగితే గేటు దగ్గరే ఆపేస్తారు, మీకు కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. ఆ కుర్చీలో కూర్చుని అడగండి.

ఇప్పుడు నా కోరిక. వచ్చే ఆగస్టు 6న తెనాలిలో ఒక సభ పెట్టండి. చుండూరులో వాళ్ల సభ వాళ్లు ఎలాగూ జరుపుకుంటారు, దానికి మనం పోటీ కాదు, వాళ్ల సమయంతో తగలకుండా సాయంత్రం పెట్టుకుందాం. ఈ సభలో పల్లెవాళ్లని అనుభవం చెప్పమని అడగకండి. రావాలనుకుంటే వస్తారు, వింటారు, అబద్ధం చెబితే లేచి పట్టుకుంటారు. మాట్లాడేది మనం. సంగతులు మనవి.

ఉదాహరణకి ఇల్లు అద్దెకిచ్చే సంగతి. తెనాలిలో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లని మనం ముందు ఇంటిపేరు అడుగుతాం. దాంతో తేలకపోతే "ఏ ఊరు, ఎవరి తాలూకు" అంటాం. అప్పటికీ తేలకపోతే "ఏ చర్చికెళ్తారు" అని నవ్వుతూ అడుగుతాం. ఆ తర్వాత "అయ్యో, మా తమ్ముడు వస్తానన్నాడండీ" అంటాం. ఇళ్లున్నవాళ్లు ఒక పదిమంది లేచి, తాము ఎవరిని ఏ మాట చెప్పి తిప్పి పంపారో వరసగా చెబితే, అది ఈ ఊరి మీద ఎవరూ రాయని చరిత్ర అవుతుంది. పెళ్లిసంబంధాల గురించి చెప్పండి. పిల్ల ప్రేమించినవాడు పల్లెవాడని తెలిసిన రాత్రి ఇంట్లో ఎవరెవరు ఫోన్లు చేశారు, ఏ పోలీసు అధికారికి ఎవరి ద్వారా చెప్పించారు, ఎంత ఖర్చయింది. 1991లో చుండూరు గొడవప్పుడు పైకులాలవాళ్లు తమకోసం పెట్టుకున్న సమితికి చందా ఎవరు అడిగారు, ఎవరు ఇవ్వనన్నారు, ఇవ్వనన్నవాళ్లకి ఏమైంది. ఆ ఇవ్వనన్నవాళ్ల పేర్లు వినాలని నాకు చాలా కోరిక. ఉండే ఉంటారు. మనం దాచిపెట్టినదాంట్లో వాళ్ల మంచితనం కూడా ఉండిపోయింది.

పాత పుండు ఎందుకు కెలకడం అంటారని తెలుసు. పుండు మనది కాదు కాబట్టి అది మానిందో లేదో చెప్పాల్సింది మనం కాదు. ఊళ్లల్లో మళ్లీ గొడవలవుతాయని కూడా అంటారు. పల్లెవాడు నోరు విప్పితే గొడవ అవుతుందన్నది నిజమే, ఇన్నాళ్లూ అలాగే జరిగింది. మనవాడు మనవాళ్ల గురించి మాట్లాడితే అయ్యే గొడవ వేరు. పెళ్లికి పిలవరు, కార్తీక వనభోజనాలకి పిలవరు, కులసంఘం డైరెక్టరీలో ఫోన్ నెంబరు తీసేస్తారు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఉత్తరం మీలో చాలామంది పాఠంగా చెప్పారు. అందులో ఆయన బాధ ముసుగులేసుకుని తిరిగే హంతకుల గురించి అంతగా లేదు. న్యాయం కంటే సద్దుమణగడమే ముఖ్యమనుకునే మర్యాదస్తుల గురించే ఎక్కువ ఉంది. ఆ పాఠం చెప్పి పరీక్షల్లో మార్కులు వేశాం. ఆయన తిట్టింది మనల్నేనని పిల్లలకి చెప్పామా?

సభ ఏర్పాట్ల గురించి కొన్ని మాటలు. వేదిక వద్దు, కుర్చీలన్నీ కిందే వేయండి. శాలువాలు, జ్ఞాపికలు వద్దు. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటోలూ వద్దు, మనవి అసలే వద్దు. ఒక మనిషికి పది నిమిషాలు, తను చూసింది, తను చేసింది, తన ఇంట్లో విన్నది మాత్రమే చెప్పాలి. "మన సమాజంలో" అని మొదలుపెట్టినవాళ్ల దగ్గర మైకు తీసేసుకోండి. చెప్పినదంతా రికార్డు చేసి, రాయించి, అచ్చు వేయండి. ప్రాణం మీదికి వస్తుందనుకున్నవాళ్ల పేర్లు తీసేయొచ్చు, ఊరి పేర్లు మాత్రం ఉంచాలి. అచ్చైన పుస్తకాన్ని పొగడమని దళిత రచయితలకి ముందుమాట కోసం పంపకండి. వాళ్లకి వేరే పనులున్నాయి. ఇందాక చెప్పిన టీచరు గారిని మాత్రం సెప్టెంబరు 28న పిలవండి. మొదటి వక్తగా, సాయంత్రం ఆరింటికి, గంటసేపు, జాషువా సీసపద్యం మీద.

మొదటి వక్త దొరకలేదనుకుంటే నా పేరు వేసుకోండి. మా ఊళ్లో బహిష్కరణ పెట్టిన రోజుల్లో మా వసారాలో జరిగిన కూడికకి టీ ఇచ్చింది నేను. ఎవరు వచ్చారో, ఏ మాట ముందు ఎవరి నోటినుంచి వచ్చిందో నాకు గుర్తుంది. హాలు అద్దె ఎంతో కనుక్కుని చెప్పండి, సగం నేను కడతాను.

ఇట్లు,
ఒక రిటైర్డు లెక్చరరు,
తెనాలి